కాటిసీనుకి ‘వన్స్ మోర్’ కొట్టిన జనం కొన్ని సినిమాలకి రెండోసారి ఎందుకు కూర్చోలేరు?

కొన్ని సినిమాల గురించి మనవాళ్ళు మాట్లాడే తీరు భలే ఉంటుంది. ఎలా ఉంది అనడిగితే “అబ్బ, అలాంటి సినిమా మళ్ళీ రాదు, తప్పకుండా చూడు” అంటారు. సరే, ఆదివారం ఇంటికి రా, కలిసి చూద్దాం అంటే మాత్రం “నా వల్ల కాదు బాబూ, నువ్వు చూసుకో” అని తప్పించుకుంటారు. పదికి పది మార్కులేసిన మనిషే రెండోసారి ఆ సినిమా ఛాయలకి రాడు. టీవీలో వస్తుంటే రిమోట్ కోసం వెతుక్కుంటాడు. అంత బాగుండటమే అక్కడ వచ్చిన చిక్కు.

మన సినిమా లెక్కలకి ఇది బొత్తిగా అందని వ్యవహారం. ఇక్కడ హిట్టు అంటే రిపీట్ ఆడియన్స్. మొదటి వారం అభిమానులు చూస్తారు, ఆ తర్వాత కూడా ఆడాలంటే చూసినవాళ్ళే పాట కోసమో, కామెడీ కోసమో, ఇంటర్వెల్ ఫైట్ కోసమో మళ్ళీ టికెట్ కొనాలి. ఎంత నచ్చితే అన్నిసార్లు చూస్తారనేది లెక్క. మరి అంత నచ్చి కూడా ఒక్కసారితో దండం పెట్టేసే సినిమాని ఏ ఖాతాలో రాయాలి?

“ఏడిపించింది కాబట్టి చూడలేం” అనేది అందరూ చెప్పే జవాబు. నాకు మాత్రం అది సగం కూడా నిజం కాదనిపిస్తుంది. ఎందుకో చెప్పాలంటే ముందు పాత నాటకాల పందిట్లోకి వెళ్ళాలి. (ఇంకో మాట. ఇందులో చాలా సినిమాల ముగింపులు చెప్పేస్తాను. మీరు చూడని సినిమా పేరు కనిపిస్తే ఆ భాగం దాటెయ్యండి.)

ఏడుపంటే పారిపోయే జనం కాదు మనం

బలిజేపల్లి లక్ష్మీకాంతం గారి ‘సత్య హరిశ్చంద్రీయం’ నాటకంలో కాటిసీను తెలియని పాతతరం తెలుగువాళ్ళు ఉండరు. రాజ్యం పోయి, పెళ్ళాం బిడ్డల్ని అమ్ముకుని, హరిశ్చంద్రుడు కాటికాపరిగా నిలబడి ఉంటాడు. పాము కరిచి చనిపోయిన లోహితాస్యుణ్ణి ఎత్తుకుని చంద్రమతి అక్కడికే వస్తుంది. చీకట్లో ఒకరినొకరు గుర్తుపట్టరు. కాటిసుంకం కట్టందే శవాన్ని దహనం చెయ్యనివ్వనంటాడు కన్నతండ్రి. ఇంతకంటే ఏడిపించే సన్నివేశం ఇంకేం రాస్తారు? ఆ సీన్లో హరిశ్చంద్ర పాత్రధారి జాషువా గారి శ్మశానం పద్యాలు ఎత్తుకునేవాడు, “ఎన్నో యేండ్లు గతించిపోయినవి గానీ” అని రాగం తీస్తుంటే జనం కళ్ళు తుడుచుకుంటూనే ‘వన్స్ మోర్’ అని అరిచేవాళ్ళు. హార్మోనియం మళ్ళీ మొదటికి వెళ్ళేది. నడిచొచ్చే కథ మొత్తం ఆగిపోయేది. ఆ పద్యం అయ్యేదాకా చంద్రమతి తెర పక్కన కాచుకుని నిలబడాలి.

అంటే ఏడిపించిన చోటే మళ్ళీ ఏడిపించమని అడిగిన జనం మనం. 1953లో వచ్చిన ‘దేవదాసు’ని ఎంతమంది ఎన్నిసార్లు చూశారో లెక్కే లేదు. బాలచందర్ ‘మరో చరిత్ర’ (1978) చివర్లో ఇద్దరూ చచ్చిపోతారు, పైగా చాలా ఘోరంగా, అయినా ఆ తెలుగు సినిమా డబ్బింగ్ కూడా లేకుండా మద్రాసులో ఏడాదికి పైగా ఆడింది. మొన్న 2023లో ‘బలగం’ వచ్చినప్పుడు తెలంగాణ ఊళ్ళలో రాత్రిపూట తెర కట్టుకుని ఊరు ఊరంతా కూర్చుని చూశారు, చివర్లో పస్తం మొగిలయ్య, కొమురమ్మ పాడే పాట దగ్గర అందరూ ఏడ్చారు, ఏడ్చినవాళ్ళు పక్కూళ్ళో వేస్తే అక్కడికీ వెళ్ళారు.

కాబట్టి ఏడుపు మనిషిని సినిమాకి దూరం చెయ్యదు, ఒక్కోసారి దగ్గరే చేస్తుంది. మనం మళ్ళీ చూడలేమంటున్న సినిమాల్లో ఉన్నది వేరే ఏదో.

ఏడిపించే సినిమా వేరు, మోయలేని సినిమా వేరు

మాటలు కలిసిపోతే గొడవ తెగదు కాబట్టి ఇక్కడే విడదీసుకుందాం. ఏడిపించే సినిమా అంటే గొంతు పట్టేస్తుంది, కళ్ళు తడుస్తాయి, హాల్లోంచి బయటికొచ్చి టీ తాగేసరికి ఏదో బరువు దిగినట్టుంటుంది. మోయలేని సినిమా చూసేటప్పుడు చాలాసార్లు ఏడుపే రాదు. గుండె బిగిసిపోతుంది, అయ్యాక ఎవరితోనూ మాట్లాడబుద్ధి కాదు, రెండు రోజుల తర్వాత బస్సులో కూర్చున్నప్పుడో అన్నం తింటున్నప్పుడో ఒక దృశ్యం వచ్చి ఎదురుగా నిలబడుతుంది. మొదటిది హాల్లోనే అయిపోతుంది. రెండోది మనతో ఇంటికొస్తుంది.

రక్తం, నరుకుడు, కడుపులో దేవే సినిమాల్ని ఈ లెక్కలోకి తీసుకోవట్లేదు. అవి చూడలేకపోవడం జుగుప్స. చెత్తగా తీసి ఏడుపు పిండినవాటినీ వదిలేద్దాం, వాటిని రెండోసారి చూడకపోవడానికి కారణం వెతకక్కర్లేదు. మంచి సినిమా అయ్యుండాలి, మనకే చేతకాకపోవాలి.

ఆలంకారికులు ఎప్పుడో పడ్డ తగువు

ఈ ప్రశ్న కొత్తదేం కాదు. శోకం స్థాయీభావంగా (అంటే అడుగున నిలిచి ఉండే మూలభావంగా) ఉన్న కరుణ కూడా రసమే అని నాట్యశాస్త్రం అన్నప్పటినుంచీ, దుఃఖంలో ఆనందం ఎలా వస్తుందన్న ప్రశ్న మన లాక్షణికుల్ని, అంటే కావ్యశాస్త్రం రాసిన పండితుల్ని, సతాయిస్తూనే ఉంది. 14వ శతాబ్దపు విశ్వనాథుడు ‘సాహిత్యదర్పణం’లో దీనికి చాలా లౌక్యమైన జవాబిచ్చాడు: కరుణలో కలిగేదీ పరమసుఖమే, దానికి సహృదయుల (మనసుపెట్టి చూసే రసికుల) అనుభవమే సాక్ష్యం, నిజంగా దుఃఖమే కలిగేదైతే దానివైపు ఎవడైనా వెళ్తాడా, అలాగైతే రామాయణం కూడా దుఃఖహేతువనాలి కదా అన్నాడు. జనం వెళ్తున్నారు కాబట్టి అందులో సుఖం ఉంది, అదీ వాదం. రిపీట్ ఆడియన్స్ లెక్కతో వాదించే డిస్ట్రిబ్యూటర్‌కి ఈయన బాగా నచ్చుతాడు.

విశ్వనాథుడి కంటే ముందే, 12వ శతాబ్దంలో, గుజరాత్‌కి చెందిన రామచంద్ర గుణచంద్రులు ‘నాట్యదర్పణం’లో దీనికి అడ్డం తిరిగారు. వాళ్ళ మాట ‘సుఖదుఃఖాత్మకో రసః’. శృంగారం, హాస్యం లాంటివి సుఖం, కరుణ, భయానకం లాంటివి దుఃఖమే, ఇందులో దాపరికం అక్కర్లేదు అన్నారు. వాళ్ళిచ్చిన ఉదాహరణలు చూస్తే ఆశ్చర్యం వేస్తుంది: సీతాపహరణం, ద్రౌపది జుట్టూ చీరా లాగడం, హరిశ్చంద్రుడి దాస్యం, అతని కొడుకు చావు. సరిగ్గా మన కాటిసీనే! ఇవి చూస్తే సహృదయుడికి సుఖమెలా కలుగుతుంది అని అడిగారు. మరి జనం ఎందుకెళ్తున్నారంటే, కవి నేర్పూ నటుడి నేర్పూ చూసి కలిగే అబ్బురం కోసం అన్నారు.

గ్రీకుల్లో అరిస్టాటిల్ చెప్పిన కెథార్సిస్ ఉండనే ఉంది, జాలినీ భయాన్నీ రేపి వాటిని కడిగేస్తుంది ట్రాజెడీ అని. కడగడమంటే ఏమిటో ఆయన విడమరిచి చెప్పలేదు, అందుకని పండితులు ఇప్పటికీ కొట్టుకుంటూనే ఉన్నారు.

నా ఉద్దేశంలో విశ్వనాథుడిదీ నాట్యదర్పణకారులదీ రెండూ నిజాలే, కాకపోతే వేర్వేరు సినిమాల గురించి. ఏ సినిమాలో విశ్వనాథుడు గెలుస్తాడు, ఏ సినిమాలో ఓడిపోతాడు అన్నది చూస్తే మన ప్రశ్న తేలుతుంది.

మిరపకాయ మంట, చన్నీళ్ళలో చెయ్యి

ఇప్పటి మనస్తత్వ శాస్త్రం నుంచి రెండు సంగతులు ఇక్కడ బాగా పనికొస్తాయి. పాల్ రోజిన్ అనే అమెరికన్ ఆచార్యుడు మిరపకాయ తినేవాళ్ళ మీద ఏళ్ళ తరబడి పని చేశాడు. నోరు మండుతోంది, కళ్ళ నీళ్ళొస్తున్నాయి, అయినా ఇంకో ముద్ద కలుపుకుంటాం. (గుంటూరు వాళ్ళకి దీన్ని వివరించక్కర్లేదు.) ఒళ్ళు ప్రమాదం ప్రమాదం అంటుంటే, మనసుకి అది ఉత్తుత్తి ప్రమాదమని తెలుసు, ఆ తేడాలోనే మజా ఉంది, ఏడుపు సినిమాలూ అంతే అంటాడాయన. ఆవకాయ తిన్నాక పెరుగన్నం ఉందని తెలుసు కాబట్టే ఆవకాయ ధైర్యంగా తింటాం. ఇది కథే, లైట్లు వేశాక మనం క్షేమం అని మనసుకి తెలిసినంతసేపు మంట బాగుంటుంది. ఇది కథ కాదు అని తెలిసిన క్షణం ఆ సూత్రం చెడుతుంది.

రెండోది 1993లో డేనియల్ కానమన్, బార్బరా ఫ్రెడ్రిక్సన్ తదితరులు అచ్చు వేసిన ఒక ప్రయోగం. మనుషుల చేత 14 డిగ్రీల చల్లటి నీళ్ళలో చెయ్యి పెట్టించారు, ఒక నిమిషం. ఇంకోసారి అదే నిమిషం, దానికి అదనంగా మరో 30 సెకన్లు, ఆ అదనపు సమయంలో నీళ్ళని కొద్దిగా, 15 డిగ్రీల దాకా, వెచ్చబెట్టారు. ఈ రెంటిలో ఏది మళ్ళీ చేస్తారు అని అడిగితే ఎక్కువమంది రెండోదే అన్నారు! మొత్తమ్మీద ఎక్కువ బాధపడ్డది అందులోనే. కానీ గుర్తుండేది మొత్తం బాధ కాదట, బాగా నొప్పి పుట్టిన క్షణం, ఇంకా చివర ఎలా ముగిసిందన్నది. చివర్లో ఒక్క డిగ్రీ వెచ్చదనం చాలు, మనిషి మళ్ళీ చెయ్యి పెట్టడానికి ఒప్పుకుంటాడు.

ఇప్పుడు కాటిసీను గుర్తు తెచ్చుకోండి. చివరికి దేవతలొస్తారు, లోహితాస్యుడు లేచి కూర్చుంటాడు. అది తెలిసిన జనం ‘వన్స్ మోర్’ అంటున్నారు. స్పీల్‌బర్గ్ ‘షిండ్లర్స్ లిస్ట్’ (1993) మూడు గంటల పైచిలుకు నరకం, కానీ ఆఖర్న తెర రంగుల్లోకి మారి, బతికి బయటపడ్డ అసలు మనుషులు వచ్చి జెరూసలేంలో షిండ్లర్ సమాధి మీద ఒక్కొక్క రాయి పెట్టి వెళ్తారు. ఆ రాళ్ళే ఆ ఒక్క డిగ్రీ. అదే రెండో ప్రపంచ యుద్ధం మీద సోవియట్ దర్శకుడు ఎలెమ్ క్లిమోవ్ 1985లో తీసిన ‘కమ్ అండ్ సీ’లో ఆ డిగ్రీ కూడా ఉండదు. బెలారస్‌లో మనుషులతో సహా తగలబెట్టిన 628 ఊళ్ళ లెక్క చెప్తుంది చివర్లో. ఆ తర్వాత 2003లో చనిపోయేదాకా క్లిమోవ్ ఇంకో సినిమా తియ్యనే లేదు.

ఒకే లాకప్, రెండు సినిమాలు

దగ్గర్లో ఉన్న ఉదాహరణ తీసుకుంటే ఇంకా తేలిగ్గా అర్థమవుతుంది. ‘జై భీమ్’ (2021), ‘విసారణై’ (2015), రెండూ తమిళం, రెండూ నిజంగా జరిగిన పోలీసు హింస నుంచి పుట్టినవే. ‘జై భీమ్’లో రాజన్నని స్టేషన్లో కొట్టే దృశ్యాలు కళ్ళు మూసుకుని చూశామని చెప్పినవాళ్ళు బోలెడుమంది. అయినా దాన్ని రెండుమూడుసార్లు చూసినవాళ్ళూ ఉన్నారు. ఎందుకంటే ఆ లాకప్ బయట ఒక లాయరున్నాడు, ఒక కోర్టుంది, ఒక తీర్పుంది. ఆఖర్న చిన్నపిల్ల కుర్చీలో కాలు మీద కాలేసుకుని పేపర్ చదివే దృశ్యం ఉంది. మనకొచ్చిన కోపం వృథాగా పోదు, అది ఖర్చవడానికి సినిమాలో చోటుంది.

వెట్రిమారన్ ‘విసారణై’ మన గుంటూరులో మొదలవుతుంది. తమిళనాడు నుంచి పని కోసం వచ్చి పార్కులో పడుకునే కుర్రాళ్ళని ఒక దొంగతనం కేసులో పట్టుకుపోతారు. చెయ్యని నేరం ఒప్పుకునేదాకా కొడతారు. కోయంబత్తూరు ఆటో డ్రైవర్ ఎం. చంద్రకుమార్ తనకి గుంటూరు లాకప్‌లో జరిగింది రాసుకున్న ‘లాకప్’ అనే పుస్తకమే దీనికి మూలం. సబ్‌టైటిల్స్ చదువుకుంటూ చూస్తున్న తెలుగువాడికి ఇందులో ఒక ప్రత్యేకమైన శిక్ష ఉంది: బాధపడేవాళ్ళ మాటలకి సబ్‌టైటిల్ కావాలి, కొట్టేవాళ్ళ మాటలకి అక్కర్లేదు. లాఠీ పట్టుకున్నవాడు మన యాసలో మాట్లాడుతుంటాడు. నేను ల్యాప్‌టాప్‌లో చూస్తూ ఒకచోట ఆపేసి, టీ పెట్టుకుని, ఆ టీ చల్లారిపోయేదాకా వంటింట్లోనే నిలబడ్డాను.

ఇంతకీ అసలు దెబ్బ కొట్టడంలో లేదు. సగం సినిమా అయ్యేసరికి వాళ్ళు విడుదలవుతారు! గుంటూరు కోర్టులో తమిళం తెలిసిన ఒక ఇన్‌స్పెక్టర్ వాళ్ళ గోడు జడ్జికి తర్జుమా చేసి చెప్తాడు, హమ్మయ్య అనుకుంటాం, వాళ్ళూ కృతజ్ఞతతో ఆయన వెంట వెళ్తారు, ఆయన స్టేషన్ శుభ్రం చేసిపెడతారు. ఆ స్టేషన్లోనే వినకూడని మాటలు వింటారు. ఆ తర్వాత వాళ్ళని బతకనివ్వరు. నీళ్ళు కాస్త వెచ్చబడ్డాయి అనుకున్నాక మంచుముక్కలు పోసినట్టు. ఈ సినిమాని రెండోసారి చూడాలంటే ఆ విడుదల దృశ్యంలో వాళ్ళ మొహాల్లో నవ్వుని, జరగబోయేది తెలిసి, చూడాలి. నా చేత కాలేదు.

పాట లేని చోట ఏడుపుకి దారుండదు

నాగరాజ్ మంజులే మరాఠీ ‘సైరాట్’ (2016) మనవాళ్ళు చాలామంది సగం మాత్రమే మళ్ళీ చూస్తారు. అది నిజంగా రెండు సినిమాలు. మొదటి సగం పాటలు, బావులు, చెరుకుతోటలు, ట్రాక్టర్ నడిపే అమ్మాయి, పెళ్ళిళ్ళలో ఇప్పటికీ మోగే ‘జింగాట్’. రెండో సగం హైదరాబాద్. కులం కారణంగా పారిపోయి వచ్చిన జంట ఇక్కడి బస్తీలో రేకుల గదిలో తలదాచుకుంటారు, అబ్బాయి దోసెల బండి దగ్గర పనికి కుదురుతాడు, అమ్మాయి ఫ్యాక్టరీలో చేరి తెలుగు నేర్చుకుంటుంది. పాటలు ఆగిపోతాయి. సంసారం కుదురుకుంటుంది, బిడ్డ పుడతాడు.

చివర్లో అమ్మాయి అన్న, చుట్టాలు వస్తారు, తల్లి పంపిందని బట్టలు తెస్తారు. ఆమె టీ పెట్టి ఇస్తుంది. పిల్లాణ్ణి పక్కింటావిడ బయటికి తీసుకెళ్ళి ఉంటుంది. ఆవిడ తీసుకొచ్చి గుమ్మం దగ్గర దింపితే వాడు బుడిబుడి అడుగులతో లోపలికెళ్తాడు. లోపలున్నది చూసి ఏడుస్తాడు, నోరు తెరిచి ఏడుస్తుంటాడు, మనకి మాత్రం చప్పుడు వినిపించదు. సౌండంతా తీసేశారు. వాడు వెనక్కి నడిచి వస్తుంటే నేల మీద ఎర్రటి చిన్న చిన్న అడుగులు. అంతే, సినిమా అయిపోతుంది.

అక్కడ సంగీత దర్శకులు అజయ్–అతుల్ చేత ఒక్క వయొలిన్ వాయించి ఉంటే మనం భోరున ఏడ్చి బయటపడేవాళ్ళం. దేవదాసుకి చావొచ్చినా ఘంటసాల గొంతు ముందే వచ్చి మన తరఫున ఏడ్చిపెట్టింది. ‘మరో చరిత్ర’లోనూ పాటలున్నాయి. ‘బలగం’లో చచ్చిపోయిన మనిషి ఒక నిండు జీవితం బతికినవాడు, ఆ దుఃఖానికి మూడో రోజు, ఐదో రోజు, పదకొండో రోజు అని ముందే కట్టిన మెట్లున్నాయి, పాడేవాళ్ళున్నారు. పాట దుఃఖాన్ని పట్టుకునే పిడి లాంటిది. మంజులే ఆ పిడి తీసేసి కత్తి చేతికిచ్చాడు. పైగా అలాంటి చావుల వార్తలు మన పేపర్లలోనే చదివినవాళ్ళం, కథే కదా అనుకునే వెసులుబాటూ లేదు. రోజిన్ గారి మిరపకాయ ఇక్కడ పని చెయ్యదు, పెరుగన్నం లేదు.

పాట ఉన్నా పని జరగని కేసు ఒకటుంది

ఇప్పటిదాకా చెప్పింది చక్కగా అతికినట్టుంది కాబట్టి దీన్ని చెడగొట్టే ఉదాహరణ నేనే చెప్తాను. ‘మాతృదేవోభవ’ (1993). మలయాళం ‘ఆకాశదూత్’కి తెలుగు. కాన్సర్ వచ్చిన తల్లి, తాను పోయేలోగా పిల్లల్ని ఒక్కొక్కర్నే ఎవరో ఒకరి చేతిలో పెడుతుంది. పాటలా? “రాలిపోయే పువ్వా నీకు రాగాలెందుకే” పాటకి వేటూరికి జాతీయ అవార్డు వచ్చింది, కీరవాణి గొంతులో అది వినని తెలుగువాడు లేడు. ఏడుపుకి ఇంతకంటే మంచి దారేముంటుంది? అయినా ఆ సినిమా పేరెత్తితే “అమ్మో, మళ్ళీ చూడలేను” అనేవాళ్ళే ఎక్కువ.

మా అమ్మనే చూశాను. వంట చేసుకుంటూ ఆ పాట కూనిరాగం తీస్తుంది, తప్పులు లేకుండా రెండు చరణాలూ పాడుతుంది. టీవీలో సినిమా వస్తే మాత్రం లేచి వెళ్ళిపోతుంది. ఏమ్మా అంటే “పాట వేరు నాన్నా, ఆ చిన్నపిల్లాడు బండెక్కేది నేను చూడలేను” అంది. పెళ్ళికాక ముందు చూసుంటే చూసేదాన్నేమో అని కూడా అంది.

ఆ చివరి మాట దగ్గరే ఉంది కిటుకు. పాట సినిమాలోంచి ఊడి బయటికొచ్చేసింది. దుఃఖాన్నంతా తనలోకి తీసుకుని రేడియోల్లో, ఆర్కెస్ట్రాల్లో, ఫోన్లలో తిరుగుతోంది, జనం వన్స్ మోర్ కొడుతున్నది దానికి. మిగిలిన సినిమాలో ఉన్నది, ప్రతి తల్లికీ రాత్రిపూట ఒకసారైనా వచ్చే ఆలోచన. అది ఆమె దృష్టిలో కథ కాదు. అదే సినిమా పెళ్ళికాని కుర్రాడికి ఏడుపు సినిమా, బిడ్డ తల్లికి మోయలేని సినిమా. అంటే మోయలేకపోవడం సగం సినిమాలో ఉంటే సగం మనలో ఉంటుంది, మనం మారితే అదీ మారుతుంది. ఆస్పత్రిలో ఎవరినైనా పోగొట్టుకున్నవాళ్ళకి ఎవరూ పట్టించుకోని మామూలు ఆస్పత్రి సీను కూడా చాలు.

ఎక్కడ చూశామన్నదీ చిన్న విషయం కాదు. హాల్లో పక్కవాడు ముక్కు చీదుతుంటే మన బాధకి తోడుంటుంది, ఇంటర్వెల్లో సమోసా ఉంటుంది. రాత్రి పన్నెండుకి ఫోన్లో, చెవుల్లో ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని ఒంటరిగా చూసేవాడికి సినిమా నేరుగా పుర్రెలోకి వెళ్తుంది. ‘బలగం’ని ఊరి మధ్య తెర మీద చూసినవాళ్ళు అంతగా ఎందుకు ఏడ్చారో, ఏడ్చి ఎందుకంత తేలికపడ్డారో అందులోనే ఉందనుకుంటా.

‘ఇదంతా బడాయి’ అనేవాళ్ళ మాట

ఈ “మళ్ళీ చూడలేను” అనేదాన్ని నమ్మనివాళ్ళున్నారు, వాళ్ళ వాదన కొట్టిపారెయ్యాల్సింది కాదు. ఒకటి, అదొక ఫ్యాషన్ పొగడ్త అయిపోయిందంటారు. బాగుంది అంటే సరిపోవట్లేదు కాబట్టి నన్ను నాశనం చేసింది అనడం. నిజమే, కొంత ఉంది. రెండోది, ప్రేక్షకుణ్ణి హింసించడం గొప్పతనమెలా అవుతుందని. పాత్రల మీద కష్టం మీద కష్టం పోసి, ఊపిరాడకుండా చేసి, దాన్నే వాస్తవికత అంటే ఎలా, నిజజీవితంలో ఎంత నరకంలోనైనా మనుషులు జోకులేసుకుంటారు కదా అని. ఇది నాకు చాలావరకు సబబనిపిస్తుంది. దానికి ఎదురు జవాబు కూడా బలమైనదే: లాకప్పులో దెబ్బలు తిన్నవాడికి తీర్పు వచ్చే కేసు ఏ వెయ్యింటికొకటో, మిగతావాళ్ళ కథ చెప్పాలంటే వెచ్చటి నీళ్ళు పొయ్యడం అబద్ధమవుతుంది. ప్రేక్షకుడు తేలిగ్గా ఊపిరి పీల్చుకుని ఇంటికెళ్ళకూడదనే అలా తీశారు.

మూడో వాదన విమర్శకులది, అదే నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టింది. గొప్ప సినిమాని ఒక్కసారే చూస్తే దాన్ని చూడనట్టే, మొదటిసారి దుఃఖం కళ్ళకి అడ్డం పడుతుంది, ఏం చూశామో కూడా తెలియదు అంటారు. దీన్ని పరీక్షించడానికి నేను ఒకే ఒక్క సినిమా మళ్ళీ పెట్టాను.

డ్రాప్స్ డబ్బా

1988 ఏప్రిల్లో జపాన్‌లో స్టూడియో ఘిబ్లీ రెండు బొమ్మల సినిమాల్ని ఒకే టికెట్ మీద విడుదల చేసింది. ఒకటి మియాజాకి ‘మై నైబర్ టొటొరో’, పిల్లలు గంతులేసే సినిమా. రెండోది ఇసావో తకహతా తీసిన ‘గ్రేవ్ ఆఫ్ ది ఫైర్‌ఫ్లైస్’. రెండూ వరసగా చూసిన పిల్లలు ఇంటికెళ్ళి ఏం తిన్నారో, ఎలా పడుకున్నారో!

1945, కోబె నగరం. బాంబుల మంటల్లో తల్లి పోతుంది. పద్నాలుగేళ్ళ సెయితా, నాలుగేళ్ళ చెల్లెలు సెత్సుకో మేనత్త వరసావిడ ఇంట్లో కొన్నాళ్ళుండి, ఆవిడ మాటలు పడలేక చెరువు పక్క గుహలాంటి చోట కాపురం పెడతారు. తిండి దొరకదు. మూల కథ రాసిన అకియుకి నొసాకా చెల్లెలు నిజంగానే ఆ రోజుల్లో ఆకలితో చనిపోయింది. తాను సెయితా అంత మంచి అన్నయ్యని కాదని ఆయనే చెప్పుకున్నాడు. తకహతా కూడా చిన్నప్పుడు ఒకాయామా మీద జరిగిన బాంబుదాడి నుంచి బతికి బయటపడ్డవాడే.

ఈ సినిమాలో ముగింపు దాచిపెట్టలేదు. మొదటి మాటే “1945 సెప్టెంబర్ 21 రాత్రి నేను చనిపోయాను”. రైల్వే స్టేషన్లో స్తంభానికి ఆనుకుని చచ్చిపోయిన కుర్రాడి దగ్గర ఒక తుప్పు పట్టిన రేకు డబ్బా దొరుకుతుంది, పండ్ల రుచుల బిళ్ళలు అమ్మే డబ్బా. స్వీపర్ దాన్ని విసిరేస్తే మూత ఊడి తెల్లటి ఎముకల ముక్కలు దొర్లుతాయి. అంటే మొదటిసారి చూసేవాడు కూడా జరగబోయేది తెలిసే చూస్తున్నాడు. ఆ తర్వాత చెల్లెలు ఆ డబ్బాలోంచి బిళ్ళ తీసుకుని నవ్విన ప్రతిసారీ, బిళ్ళలైపోయాక అన్న అందులో నీళ్ళు పోసి కలిపి తాగించినప్పుడు, ఆ పిల్ల ఆనందం చూడలేక తల తిప్పుకుంటాం. మామూలు సినిమా రెండోసారి చూస్తే కలిగే బాధ ఇందులో మొదటిసారే కలుగుతుంది. (ఆ బిళ్ళలు తయారు చేసిన సకుమా కంపెనీ 2023 జనవరిలో మూతపడింది. ఆ వార్తకి కూడా జనం బాధపడ్డారు.)

ఇన్నేళ్ళకి మళ్ళీ చూస్తే విమర్శకుల మాట కొంత నిజమైంది. మొదటిసారి ఆ అత్త రాక్షసిలా కనిపించింది. ఈసారి చూస్తే ఆవిడ పనికెళ్ళే తన వాళ్ళకి అన్నం ముద్ద పెట్టి, రోజంతా ఇంట్లో పడుండే కుర్రాడికి గంజి పోస్తోంది, ఆ రోజుల్లో ఆ లెక్క వేసుకోని ఇల్లుండదు. సెయితా అభిమానం కూడా ఆ పాప ప్రాణం తీసిన వాటిలో ఒకటని అర్థమైంది. తన సినిమాని యుద్ధ వ్యతిరేక సినిమా అంటే తకహతా ఎందుకు ఒప్పుకునేవాడు కాదో కూడా అప్పుడే తెలిసింది.

ఇంకోటి కనిపించింది. కొన్ని దృశ్యాల్లో ఒక పక్కన ఎర్రటి వెలుగులో సెయితా ఆత్మ నిలబడి ఉంటుంది. చచ్చిపోయాక తన బతుకంతా తనే మళ్ళీ చూసుకుంటున్నాడు వాడు. మొదటిసారి నేనసలు వాణ్ణి సరిగ్గా గమనించలేదు. తల్లి కిమోనోలు అత్త బియ్యానికి మార్చేస్తుంటే సెత్సుకో వద్దు వద్దని గుక్కపట్టి ఏడుస్తుంది, ఆ సీన్లో వాడు ఎర్రటి చీకట్లో తల వంచుకుని రెండు చేతులతో చెవులు మూసుకుంటాడు.

అక్కడిదాకా చూసి ఆపేశాను. మిగతా సగం ఇంకా అలాగే ఉంది.